అరవై నాలుగు మెయిళ్లు

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు డాలీగంజ్ రోడ్డు మలుపులో మణికుమార్‌ని లారీ గుద్దింది. రోడ్డు మీద బ్రేకు గుర్తు లేదు. లారీకి నంబరు ప్లేటు లేదు. అతని చేతిలోని టిఫిన్ క్యారేజీ మాత్రం ఎలా పడిందో అలాగే నిటారుగా నిలబడి ఉంది. మూత తీసి చూస్తే ఇడ్లీలు ఇంకా వేడిగా ఉన్నాయి.

ప్రాణం వెంటనే పోయిందనీ, బాధ తెలిసి ఉండదనీ డాక్టర్ రాశాడు. పోర్ట్ బ్లెయిర్‌లో విమానం దిగిన ఏజెంట్ దేవప్రసాద్ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. మొత్తం రిపోర్టులో అతనికి దొరికిన మంచిమాట అదొక్కటే.

పదకొండింటికి ఢిల్లీ నుంచి చీఫ్ వెంకటాచలం ఫోన్ చేశాడు.

"మణికుమార్ ఎవరో తెలుసా?"

"నిన్న మన నంబరుకి ఫోన్ చేసి కోరల్ ముఠా పేరెత్తినవాడు. అంతవరకే తెలుసు సర్."

"‘సాగరపాఠం’ అనే ఆన్‌లైన్ లెర్నింగ్ ప్లాట్‌ఫామ్‌కి సిస్టమ్ అడ్మిన్. తీరంలో కాపలా కాసే వాలంటీర్లకి పాఠాలు చెప్పే సైట్ అది. అరవై నలుగురు మనుషులు, పన్నెండు పోస్టులు. పడవలవాళ్లు, రైతులు, టీచర్లు. ఏ పడవ మనది, ఏది కాదు, కొత్తది కనిపిస్తే ఏం చెయ్యాలి, ఇవీ పాఠాలు."

"కోరల్ ముఠాకి వాటితో ఏం పని?"

"పాఠాలతో పని లేదు. మెయిల్‌తో పని. ఆరు నెలలుగా ఆ సైట్ నుంచి బయటికి మెయిల్ పోవడం లేదు. పాస్‌వర్డ్ మరిచిపోయినవాడికి కొత్తది అందదు. పరీక్ష తేదీ అందదు. పోయిన ఒకటీ అరా స్పామ్‌లో పడతాయి. సరిచేయడానికి ఒక కన్సల్టెంట్‌ని పెట్టుకున్నారు. మూడు రోజుల్లో సరిచేసేసింది."

"ఎవరు?"

"అపర్ణ."

ఆ పేరు దేవప్రసాద్‌కి బాగా తెలుసు. ఐదేళ్ల కిందట, దేశ రహస్యాలు బయటికి అమ్మే కోరల్ ముఠాలోకి అపర్ణని గూఢచారిగా పంపింది తమ డిపార్ట్‌మెంటే. ఏడాదిగా ఆమె ఎవరి మనిషో డిపార్ట్‌మెంట్‌కే తెలియదు.

"నిన్న మణికుమార్ చెప్పినదాన్ని బట్టి, పన్నెండు గంటలకి అరవై నలుగురికీ మెయిల్ వెళ్తుంది. మధ్యాహ్నమే టౌన్‌లో పరీక్ష, రాకపోతే సర్టిఫికెట్ రద్దు అని. పోస్టులు ఖాళీ అవుతాయి. రెండున్నరకి ఒక విదేశీ పడవ ఏదో ఒక పోస్టు దగ్గర ఒడ్డుకొస్తుంది. సముద్రం అడుగున కేబుళ్లు ఎక్కడున్నాయో చూపించే మ్యాప్ ఉన్న డ్రైవ్‌ని అక్కడ కోరల్ మనిషి దగ్గర తీసుకుని పోతుంది. ఏ పోస్టో తెలియదు."

"ఆ పోస్టుల్లో సిగ్నలే ఉండదు సర్. మెయిల్ ఎలా చూస్తారు?"

"ఎలాగో చూస్తున్నారు. పోయిన నెల మణికుమార్ సొంత ఐడీ నుంచి ఒక్కొక్కరికీ విడిగా మెయిల్ పెడితే మధ్యాహ్నానికల్లా దగ్గరి పోస్టుల మనుషులు టౌన్‌లో దిగారట. కోరల్‌కి ఆమాత్రం తెలిస్తే చాలు."

"పోస్టులకి వైర్‌లెస్?"

"సెట్లు రిపేరుకొచ్చి రెండు నెలలైంది. కోస్ట్ గార్డ్ షిప్ నాలుగు గంటల దూరంలో ఉంది. మన సంగతులు ఎక్కడ కారుతున్నాయో తెలియదు కాబట్టి ఇంకెవరికీ చెప్పకు."

"సర్, అందులో ఒక పోస్టులో మా చెల్లెలు ఫేబే ఉంది. పోస్టు ఖాళీ చేసినా ఒకరు ఉండి తీరాలని రూల్. ఉండేది తనే."

"తెలుసు," అన్నాడు చీఫ్. ఫోన్ పెట్టేశాడు.

*

పదకొండు నలభై. జేబు మీద ‘ఏసీ సర్వీస్’ అని రాసిన నీలం చొక్కా, చేతిలో పనిముట్ల సంచి, నెత్తిన టోపీ. ఏసీ మెకానిక్ వేషంలో దేవప్రసాద్ డాలీగంజ్‌లోని సాగరపాఠం ఆఫీసులోకి వెళ్లాడు. ఎవరూ ఆపలేదు. ఆ ఆఫీసులో ఏసీ చెడిపోని రోజు లేదు.

సర్వర్ గదిలో అపర్ణ ఒక్కతే ఉంది. నెమలికంఠం రంగు పట్టుచీర, జుట్టు మీదికి తోసిన నల్లకళ్లద్దాలు. ఆ ఇరుకు గదికి ఆమె పొరపాటున వచ్చినట్టు ఉంది.

"సురమయి దొరికిందా?" అన్నాడు దేవప్రసాద్. ఐదేళ్ల కిందటి కోడ్ అది.

"చేపకేం, ఐసే లేదు," అంది అపర్ణ తల తిప్పకుండా. "స్క్రూడ్రైవర్ అలా పట్టుకుంటే ఎవరూ నిన్ను మెకానిక్ అనుకోరు దేవా."

అతను జేబులోంచి పెన్ను తీశాడు. మూత తిప్పితే వంద మీటర్ల లోపల ఏ సిగ్నలూ బయటికి పోదు.

"తిప్పుకో," అంది ఆమె. "మెయిల్ ఈ గదిలో ఉంటే కదా! పదిన్నరకే, మెయిళ్లు అందుకుని పంచే రిలే సర్వర్‌కి అప్పజెప్పేశాను. పన్నెండు కొట్టగానే అక్కణ్నించి పోతుంది."

"రిలే ఎక్కడుంది?"

"సముద్రం అవతల. కోరల్ చేతిలో."

"స్పామ్‌లో పడొచ్చు." ఆ మాట తన చెవికే బతిమాలుతున్నట్టు వినిపించింది.

"పడదు. ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్, మూడూ పెట్టాను. ఈ సైట్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఎవరికుందో ప్రపంచానికి చూపించే పత్రాలవి. ఈ ఆఫీసువాళ్లు ఆరు నెలల్లో ఒక్కటీ పెట్టలేదు. దొంగపనైనా సరే, సగం సగం చెయ్యడం నాకు చేతకాదు."

అతను తుపాకీ తీశాడు. దాన్ని ఎవరికి గురిపెట్టాలో తోచలేదు. గోడ గడియారం పన్నెండు చూపించింది. తెర మీద ఒకదాని కింద ఒకటి అరవై నాలుగు వరసలు ఆకుపచ్చగా మారాయి. డెలివర్డ్. డెలివర్డ్. డెలివర్డ్.

"పడవ ఏ పోస్టుకి?"

"ఫెరార్గంజ్ దాటాక మడ అడవి పాయ."

ఫేబే పోస్టు అదే. దేవప్రసాద్ స్టూల్ మీద కూలబడ్డాడు.

"మణికుమార్‌ని చంపుతున్నట్టు కోరల్‌వాళ్లు నాకు చెప్పలేదు," అంది అపర్ణ. "రోజూ నాకు రెండు ఇడ్లీలు పెట్టేవాడు. వద్దన్నా వినేవాడు కాదు." తర్వాత తెరని అతనివైపు తిప్పింది. "ఇది చూడు. మెయిల్ ఎవరు తెరిచినా నాకు తెలుస్తుంది. ఒక్కొక్కటే తెరుచుకుంటోంది. అన్నీ ఒకే చోటు నుంచి."

"ఒకే చోటా?"

"ఒకే కంప్యూటర్. ఈ ఊళ్లోనే, బతు బస్తీలో. ఇదిగో అడ్రసు. అరవై నలుగురి మెయిళ్లూ ఎవరో ఒక్కరే కూర్చుని చదువుతున్నారు. కోరల్ కాదు. నేనూ కాదు." టేబుల్ మీది స్కూటర్ తాళం అతని ఒళ్లోకి విసిరింది.

ఆమె ఫోన్ మోగింది. తీసి కోరల్‌వాళ్లతో, "అన్నీ డెలివరీ అయ్యాయి. అందరివీ తెరుచుకుంటున్నాయి," అని చెప్పింది. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. గుమ్మం దాటుతూ దేవప్రసాద్ వెనక్కి చూశాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుంటోంది.

*

అడ్రసు ఒక జెరాక్స్ కొట్టుది. లోపల యాభై ఏళ్ల మనిషి, మెడలో టవల్, ప్రింటర్ ముందు నిలబడి ఉన్నాడు. పేరు దుర్గారావు అని బోర్డు మీదే ఉంది.

"చేతులెత్తు!" అన్నాడు దేవప్రసాద్ తుపాకీ చూపించి.

"ఏక్ మినిట్ భయ్యా, స్టేపుల్ కొడతన్నాను."

"ఎవరికి పనిచేస్తున్నావ్?"

"అందరికీ చేస్తాను. స్కానింగు, లామినేషను, షిప్ టికెట్ ఫారాలు..."

"సాగరపాఠం మెయిళ్లు నీ దగ్గరెందుకున్నాయి?"

"ఓ, అదా!" దుర్గారావు ముఖం విప్పారింది. "ఫారంలో మెయిల్ ఐడీ లేకపోతే ఆగే జాతా నహీ, ముందుకెళ్లదు కదా భయ్యా. జంగిల్లో ఉన్నోళ్లకి మెయిల్ ఐడీ కహా సే వస్తాది? అరవై నాలుగూ నేనే చేసిపెట్టా. పాస్‌వర్డులన్నీ ఈ నోటుబుక్కులో ఉన్నాయి. మెయిలొస్తే ప్రింటు తీసి, పేరు రాసి, బస్సుకో షిప్‌కో ఇచ్చేస్తా. ఎవలిది వాళ్లకే. ఇంకోళ్ల చేతికియ్యను."

ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్. అన్నిటి అవతలా బ్రౌన్ అట్ట వేసిన నోటుబుక్కు. మరో రోజైతే దేవప్రసాద్ నవ్వేవాడు.

"ఇవాళ్టివి?"

"దీవులవి రేపటి షిప్‌కి. ఫెరార్గంజ్ వైపువి ముందు తీసి బస్సులో వేసేశా. అర్జెంట్ అనుంది."

"ఎంతసేపైంది?"

"ఇప్పుడే. నువ్వు స్కూటర్ స్టాండేస్తన్నప్పుడు బస్సు కదల్లేదూ?"

"షిప్‌కి ఇవ్వాల్సినవి నాకివ్వు."

"పేరు చెప్పు భయ్యా. నీ పేరున ఉంటే ఇస్తా."

వాదించే టైం లేదు. "రేపు ఇవ్వకు, చాలు," అని ఐడీ కార్డు చూపించి దేవప్రసాద్ స్కూటర్ తీశాడు.

*

బస్సు కనిపిస్తూనే ఉంది, అందలేదు. ఊరి బయట ఆవులు, తర్వాత రోడ్డు పని, ఆ తర్వాత వాన. ఫెరార్గంజ్ చేరేసరికి బస్సు ఖాళీగా ఆగి ఉంది. కట్ట ఏదని అడిగితే కండక్టర్ టీ ఊదుకుంటూ చెప్పాడు. "పాయ పోస్టులో వాలంటీరు యేసు కుమార్ సైకిలేసుకొచ్చి పట్టుకెళ్లాడు. పదిహేను నిమిషాలైంది భయ్యా."

పోకతోటల మధ్య బురదదారి. అర కిలోమీటరు పోయాక స్కూటర్ దిగబడిపోయింది. దాన్ని అక్కడే వదిలి పరిగెత్తాడు. యాభై రెండేళ్ల గుండె చెవుల్లో కొట్టుకుంది. ఫేబే ఒంటరిగా ఒడ్డున నిలబడి పడవవైపు చెయ్యెత్తి, ‘ఎవరు మీరు’ అని టీచర్ గొంతుతో అడగడం కళ్లకు కట్టింది. అడక్కుండా ఉండదు ఆ పిల్ల. ఎవరున్నా అడుగుతుంది. దేవుడి దయవల్ల వాన మాత్రం ఆగింది.

రెండూ ఇరవై. పాయ ఒడ్డున డింగీ పడవ ఇంజిన్ మోగుతోంది. పదకొండు మంది ఎక్కి కూర్చున్నారు. అందరి చేతుల్లోనూ స్టేపుల్ కొట్టిన కాగితం. ఒడ్డున ఫేబే ఒక్కతే.

"దిగండి! పరీక్ష లేదు!"

"దీదీ," అన్నాడు డింగీలోంచి యేసు కుమార్, "ఏసీవాడెవడో అరుస్తన్నాడు."

"మడ అడవిలో ఏసీ ఏంట్రా?" అని ఫేబే తిరిగి చూసింది. చేతిలోని కాగితం జారిపోయింది. "అన్నయ్యా! ఆరేళ్లయింది నిన్ను చూసి. అమ్మ జ్ఞాపకార్థ కూడికకి రానివాడివి, పరీక్ష ఆపడానికొచ్చావా?"

"ఆ మెయిల్ దొంగది. ఎవరూ కదలొద్దు."

"సర్టిఫికెట్ కేన్సిలైతే కౌన్ జిమ్మేదార్? పూచీ ఎవరిది?" అన్నారు డింగీలోంచి. ఒక్కరూ లేవలేదు. తాడు విప్పేశారు కూడా. అరవడానికి దేవప్రసాద్‌కి ఊపిరి లేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అలాగే వంగిపోయాడు.

ఫేబే అన్నగారిని తలనుంచి కాళ్లదాకా చూసింది. బురద, తడిసిన చొక్కా, ఊడిన ఒక చెప్పు.

"మా అన్నయ్య నాకు చాలా అబద్ధాలు చెప్పాడు," అంది వాళ్లతో. "అన్నీ తీరిగ్గా కూర్చుని చెప్పినవే. పరిగెత్తుకొచ్చి ఎప్పుడూ చెప్పలేదు. దిగండి."

ఇంజిన్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో మరో ఇంజిన్ వినిపించింది.

పాయ మొదట్లో బూడిదరంగు పడవ. ముందు భాగంలో ముగ్గురు, చేతుల్లో తుపాకులు. ఒడ్డున పదముగ్గురు మనుషులు. యేసు కుమార్ నాలుగో పాఠంలో నేర్పినట్టే మొదట జెండా ఎత్తాడు, తర్వాత ఫోన్‌తో ఫొటో తీశాడు. పడవ ఆగింది. ఒక నిమిషం నీళ్ల మీద ఊగుతూ నిలబడి, వచ్చిన దారినే తిరిగిపోయింది.

అవతలి గట్టున మోకాలి లోతు బురదలో సంచి పట్టుకుని ఒక మనిషి మిగిలిపోయాడు. డింగీ అతని కోసం వెళ్లింది. అతను పారిపోయే ప్రయత్నమైనా చెయ్యలేదు. డ్రైవ్ సంచిలోనే ఉంది.

ఫేబే కొబ్బరిబోండాం కొట్టి అన్నగారి చేతిలో పెట్టింది. ఏమీ అడగలేదు. ఆ రోజు ఎవరైనా తనకు చేసిన ఉపకారాల్లో అదే పెద్దదనిపించింది దేవప్రసాద్‌కి.

*

నాలుగింటికి ఫెరార్గంజ్‌లో సిగ్నల్ దొరికింది. అపర్ణ ఫోన్ స్విచాఫ్. మళ్లీ చేశాడు. మళ్లీ అదే. తర్వాత చీఫ్‌కి చేశాడు.

"డ్రైవ్ మన చేతిలో ఉంది సర్. పడవ దొరకలేదు. అపర్ణ కోసం మనిషిని పంపండి, వెంటనే."

"పంపాను. ఆఫీసులో లేదు. కుర్చీ బోర్లా పడి ఉందట," అన్నాడు చీఫ్. "వెతుకుతున్నాం."

దేవప్రసాద్ రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాడు. అక్కడ అప్పుడే సాయంత్రపు నీడలు సాగుతున్నాయి.

"ఆ రిలేని ఇవాళే తీయించండి సర్. రేపు ఇంకో మెయిల్ పంపుతారు."

"చెప్పాను. సాగరపాఠం వాళ్లు ఒప్పుకోవడం లేదు. ఆరు నెలల తర్వాత అరవై నాలుగుకి అరవై నాలుగూ చేరాయని ఊరంతా చెప్పుకుంటున్నారు. ముట్టుకుంటే మళ్లీ పాడవుతుందట. కమిటీ వేసి ఆలోచిస్తారట."

"అందాకా?"

"అందాకా ఏం చెయ్యమంటావ్?"

దేవప్రసాద్ రాయి మీంచి లేచాడు.

"బతు బస్తీలో దుర్గారావు జెరాక్స్ కొట్టుకి కరెంటు తీయించండి సర్. ప్రస్తుతం ఈ తీరానికి మన దగ్గరున్న ఫైర్‌వాల్ అదొక్కటే."