బార్సిలోనా మెట్ల మీద ‘ఏవండీ’

బార్సిలోనాలో ఆ మేడకి మంచి పేరు లేదండీ. పాత ఊళ్ళో, రెండు చేతులూ చాపితే అటూ ఇటూ గోడలు తగిలే సందులో ఉంది. లోపల రాతి మెట్లు. మూడో అంతస్తుకి ఎక్కేచోట ఒక మలుపు. రాత్రి పన్నెండు దాటాక ఆ మలుపులో ఎవరో పిలుస్తారట… పలికామా, ఇక అంతేనట.

నేను చూశానా అంటే చూళ్ళేదు. ఆకివీడు దాటి పెద్దగా ఎరగనివాణ్ణి. విన్నది విన్నట్టు చెబుతున్నాను.

మొన్న వేసవిలో ఆ మేడలోనే దిగారు మన బంగార్రాజు గారు. కారు రేసులు చూడ్డానికి.

మండవల్లి అవతల నలభై ఎకరాల చేపల చెరువులున్న మనిషికి కారు రేసులేవిటండీ అని మీరడగొచ్చు. ఆయన చూసిన రేసు ఒక్కటే — ఐసు వేసిన చేపల లారీలు హౌరాకి ఒకదాన్నొకటి దాటుకుంటూ పోవడం. కానీ ఆ శని, ఆదివారాలు ఆయన ఊళ్ళో ఉండకూడదు. అదీ సంగతి.

ఆయన చెరువుల నడుమ అరెకరం సమాధుల తోట ఉంది. చర్చి పేట వాళ్ళది. ముత్తాతల నాటి నుంచీ తమవాళ్ళని అక్కడే పడుకోబెట్టుకుంటున్నారు. ఆ అరెకరం తవ్వేస్తే అటు చెరువూ ఇటు చెరువూ ఒకటైపోతాయి. ఆఫీసులకి సెలవు చూసుకుని, శనివారం తెల్లారగట్ల ఐదింటికి మట్టి తవ్వే పొక్లెయిన్ దింపాలి, సోమవారానికల్లా నీళ్ళు పెట్టేయాలి. పని బావమరిది గోపీనాథ్‌కి అప్పజెప్పారు. రేపు ఎవరన్నా నిలదీస్తే — "నేను దేశంలోనే లేనండీ, నాకేం తెలుస్తుంది?"

ఈ ఒక్క మాట అనడానికి విమానం ఎక్కారాయన.

రేసుల రద్దీకి హోటళ్ళన్నీ నిండిపోయి ఆ మేడలో గదే దొరికింది. తాళాలిచ్చిన ముసలావిడ ఫోన్లో తర్జుమా పెట్టి మరీ చెప్పింది — పన్నెండు దాటాక మలుపులో ఆగొద్దు, పిలిస్తే పలకొద్దు అని. బంగార్రాజు గారు నవ్వారు. "సమాధుల మీద చేపలు పెంచబోయేవాణ్ణి, నాకా చెబుతున్నారు?" అని తెలుగులోనే అనేసి, వీధి గుమ్మం ముందు నిలబడి ఫొటో తీయించుకుని స్టేటస్ పెట్టారు. సందు పేరూ, ఇంటి నెంబరూ కనబడేలా. సాక్ష్యం ఉండాలి కదా మరి.

శుక్రవారం రాత్రి ఎక్కడో ఇంత తిని, పన్నెండున్నరకి తిరిగొచ్చారు. మన దగ్గర అప్పుడు నాలుగు. ఇంకో గంటలో పొక్లెయిన్ దిగుతుంది.

అక్కడ మెట్ల మీద దీపం మీట నొక్కితే వెలిగి, నిమిషానికి దానంతటదే ఆరిపోతుందట. నొక్కారు. ఎక్కుతున్నారు. మొదటి అంతస్తు… రెండో అంతస్తు… వెనకాల ఇంకెవరివో అడుగులు. ఈయన ఆగితే అవీ ఆగుతున్నాయి. ఎక్కితే — ఎక్కుతున్నాయి.

మలుపు దగ్గరికి వచ్చేసరికి దీపం ఆరిపోయింది.

చీకటి. చెమ్మ పట్టిన రాయి వాసన. మీట కోసం గోడ తడుముతున్నారు… దొరకట్లేదు… అప్పుడు, వీపు వెనకాల, చాలా మెల్లగా —

"ఏవండీ…"

తెలుగు. మన కొల్లేటి గట్టు తెలుగు.

ఆయన తడమడం మానేసి గోడకి అతుక్కుపోయారు.

"ఏవండీ, బంగార్రాజు గారూ… మా తాతయ్య పడుకున్నాడండీ అక్కడ… లేపకండి…"

అదే ఆ ఊరి భాషలో నాలుగు తిట్లు తిట్టి ఉంటే దులుపుకుని పోయేవారు. ఇంత మర్యాదగా అడిగేసరికి ఇక అక్కడ నిలవలేకపోయారు. చేత్తో సగం, మోకాళ్ళతో సగం మెట్లెక్కి, గదిలో పడి గడియ పెట్టి, ఫోన్ తీశారు.

"బావగారూ, ముందుగానే ఇంజను స్టార్టు చేయిస్తున్నామండీ," అన్నాడు గోపీనాథ్.

"ఆపు."

"ఏవైందండీ?"

"ఆపమంటున్నానా… వాళ్ళు ఇక్కడికి కూడా వచ్చేశారు."

"ఎవరండీ?"

"పడుకున్నవాళ్ళు."

రేసుల మొహం చూడలేదాయన. పగలంతా ఆ ఊరి పెద్ద చర్చిలో కొవ్వొత్తులు వెలిగించుకుంటూ కూర్చున్నారు. రాత్రుళ్ళు రైల్వే స్టేషన్ బెంచీ. ఇంటికొచ్చాక ఎవరు గెలిచారండీ అని అడిగితే, "అందరూ బాగానే తోలారు," అన్నారు. వారం తిరక్కుండా సమాధుల తోట చుట్టూ కంచె వేయించారు. శిలువలకి సున్నం కూడా కొట్టించారు. ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది.

నాకు ఉండబట్టలేదు. పేటలో పెద్దవాడు తోమాని పట్టుకుని ఏవిటయ్యా ఇది అని అడిగాను. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మా షారోన్ ఆ బార్సిలోనాలోనే చదువుతోందండీ. గురువారం పొక్లెయిన్ గట్టు మీదకి రాగానే అమ్మాయికి ఫోన్ చేసి ఏడ్చాను. ఆయన స్టేటస్ నేను పంపిస్తే అది అందులో ఇల్లు చూసి, బతిమాలదామని వెళ్ళింది. ఆయన కోసం సందులో కాచుకుని, వెనకాలే ఎక్కింది. పిలుద్దామంటే భయమేసిందటండీ. దీపం ఆరాక గానీ నోరు పెగల్లేదు. మాట పూర్తికాకుండానే ఆయన పరిగెత్తారట… ఏం తప్పుగా అన్నాను నాన్నా అని ఇప్పటికీ అడుగుతోంది."

"మరి నువ్వు ఇక్కడే అడగొచ్చు కదయ్యా ఆయన్ని?"

"నాలుగు నెలలండీ. రోజూ పొద్దున్నే ఆయన గుమ్మంలో నిలబడి అడిగాను. ఇదే మాట. ఏవండీ అనే అడిగాను."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. పట్టపగలు, ఎదురుగా నిలబడి మనిషి అడిగితే వినబడలేదా పెద్దమనిషికి.

కాబట్టి ఆ మెట్ల మీద దెయ్యమూ లేదు, గియ్యమూ లేదండీ. కానీ ఈ సంగతి మీలోనే ఉంచుకోండి… బంగార్రాజు గారి చెవిన మాత్రం పడనివ్వకండి.

పొక్లెయిన్ ఇంకా గట్టు మీదే ఉంది.