పై వరుసలో ఆరో మీట

నాకు చదువు రాదు. సంతకం వరకూ వచ్చు, అంకెలు వచ్చు. కానీ పాత కంప్యూటర్ మూత తీస్తే లోపల ఏ కార్డు ఎందుకు అలిగిందో నా వేళ్ళకి తెలుస్తుంది. తెర మీద పడే అక్షరాలు చదవడానికి నా తమ్ముడు ఉండేవాడు. నేను బల్ల కింద, వాడు బల్ల పైన. వాడు చదివి, కేబినెట్ మీద గోటితో రెండుసార్లు తట్టేవాడు. నేను చేసేవాణ్ణి. అన్నేళ్ళూ తెర వైపు తల తిప్పింది లేదు. తిప్పినా నాకవి చీమల బారే.

ప్రశ్న వస్తే, "అవును" అనడానికి కీబోర్డు మీద అక్షరాల పై వరుసలో ఆరో మీట. "వద్దు" అనడానికి కింది వరుసలో ఆరోది. అది కూడా వాడే నేర్పాడు.

వాడు నన్ను ముంచింది ఒక అద్దకం మిల్లులో. గుడ్డకి రంగులు కలిపే యంత్రాన్ని ఒక పొడుగాటి పాత కార్డు నడుపుతుంది. ఏ రంగు ఎంత పాళ్ళో అంతా ఆ కంప్యూటర్లోనే ఉంటుంది. ఆ రోజు ఏదో ప్రశ్న వచ్చింది. "అవును నొక్కన్నా" అన్నాడు. నొక్కాను. పాళ్ళన్నీ తుడిచిపెట్టుకుపోయాయి.

"అన్నకి చదువు లేదు కదండీ, తొందరపడ్డాడు" అని యజమానితో వాడే అన్నాడు. మర్నాడు జేబులోంచి ఫ్లాపీ తీసి పాళ్ళన్నీ మళ్ళీ ఎక్కించాడు. మిల్లు పని వాడి చేతికి పోయింది. ముందే నకలు తీసి జేబులో పెట్టుకున్నవాడు పొరపాటున తప్పు చదివాడంటే నేను నమ్మాలా? పదకొండేళ్ళు వాడి గడప తొక్కలేదు. చివరికి వాడు పోయాడు. అప్పుడూ తొక్కలేదు.

వాడు పోయిన నెలకి మిల్లు యజమాని ఫోన్ చేశాడు. యంత్రం ఆగిపోయిందట, నేను తప్ప దిక్కు లేదట. "ఆ మాట పదకొండేళ్ళ కిందట అనాల్సింది" అన్నాను. అయినా వెళ్ళాను. నా పేరు పోయింది అక్కడ. అక్కడే తెచ్చుకోవాలి.

మిట్టమధ్యాహ్నం. కిటికీ లేని గది. తడి గుడ్డ వాసన, రంగుల ఘాటు. చదివి పెట్టడానికి గుమస్తా అమ్మాయిని ఇచ్చారు. నోట్లో దగ్గుబిళ్ళ.

"గొంతు పోయింది పెద్దాయనా. గుసగుసే."

"మంచిదేలేమ్మా. మా ఆవిడకి ఒక్క పూట పోయినా బాగుణ్ణు."

చప్పుడు లేకుండా నవ్వింది.

"పాళ్ళకి నకలు ఉందా?"

"మీ తమ్ముడుగారి దగ్గరే ఉండేదట. వాళ్ళింట్లో వెతికారు, లేదు. ఈసారి పోతే మిల్లు మూసుకోవడమే అన్నారు మా సార్."

తీగలన్నీ పీకి, కేబినెట్‌ని బల్ల కిందే ముందుకి లాగి మూత తీశాను. కొత్త బోర్డులో పాత కార్డు కూర్చోవడానికి మధ్యలో ఒక అడాప్టర్ పెట్టాడు తమ్ముడు. దాని మర బిగించనే లేదు, ఒక పక్కకి ఒరిగిపోయింది. పని సగంలో వదిలే బుద్ధి ఎక్కడికి పోతుంది. కార్డు బయటికి తీసి, నల్లబడిన బంగారు పళ్ళని రబ్బరుతో రుద్దాను. అడాప్టర్‌ని నిలబెట్టి మర బిగించాను. కార్డుని టక్కుమనేదాకా నొక్కాను. కరెంటు తీగ, మీటల పలక తీగ, కార్డు నుంచి యంత్రానికి పోయే తీగ తగిలించాను. డ్రైవర్ ఫ్లాపీ పెట్టి, మీటల పలక ఒళ్ళో పెట్టుకుని, అక్కడే బల్ల కింద కూర్చుని ఆన్ చేశాను.

ఫ్యాను తిరిగింది. ఫ్లాపీ గరగరమంది.

"ఏమంటోందమ్మా?"

 బల్ల పైనుంచి గుసగుస. "కార్డు దొరికిందంటోంది."

నా గుండె నిండింది. "ఇంకా?"

"డ్రైవర్ ఎక్కుతోంది... ఎక్కింది."

కేబినెట్ మీద గోటి చప్పుడు. టక్, టక్.

చేతిలోని స్క్రూడ్రైవర్ జారింది. దగ్గుబిళ్ళ వాసన రావడం లేదు... ఎప్పటినుంచి రావడం లేదో. బల్ల ముందు ఆ పిల్ల కాళ్ళు ఉండాలి. లేవు.

"ఎవరు?"

"ప్రశ్న వచ్చిందన్నా."

పెద్దాయనా అనలేదు. అన్నా అంది.  అయినా పదకొండేళ్ళు కడుపులో పెట్టుకున్న మాట ఆగుతుందా?

"ఆ రోజు ఏం రాసుందిరా?"



"ఇదే అన్నా. ఇదే ప్రశ్న."

"ఇప్పుడేం నొక్కమంటావు?"

టక్, టక్.

"అవును... అవునే నొక్కన్నా."

చచ్చినా వాడు వాడే. మీటలు ఒక్కొక్కటీ తడిమాను. కింది వరుస. ఒకటి, రెండు... ఆరు. నొక్కాను. చెవి పక్కనే ఎవరో ఊపిరి వదిలారు. చల్లగా.

గోడ అవతల మోటారు మొదలైంది.

తలుపు తోసుకుని గుమస్తా అమ్మాయి వచ్చింది, చేతిలో రెండు టీలు. "నడుస్తోంది పెద్దాయనా. నేను లేకుండానే ఎలా చేశారు? ఎవరు చదివారు?" అని బల్ల పైకి చూసింది. "అయ్యో, తెర తీగ పెట్టనేలేదు మీరు."

నిజమే. పీకిన తీగ పీకినట్టే నా మోకాలి పక్కన పడుంది. తెర వైపు చూసే అలవాటు ఉన్నవాడైతే కదా, అది నల్లగా ఉందని తెలిసేది.

ఆమే తగిలించింది. తెర వెలిగింది. చదివింది.

"పాత పాళ్ళన్నీ చెరిపేయమంటారా అని అడిగింది. మీరు వద్దన్నారు. అన్నీ ఉన్నాయి." తెర మీదికి ఇంకా వంగింది. "కింద అదే ప్రశ్న మళ్ళీ ఉంది. దాని ముందు అవును అని కొట్టి ఉంది. వరస మొత్తం అదే అక్షరం... ఇంకా పడుతోంది పెద్దాయనా."

పలక నా ఒళ్ళోనే ఉంది. నా చేతులు రెండూ టీ గ్లాసు మీద ఉన్నాయి.

మీటల పలక తీగ పీకేశాను. ఆ పలక వద్దని చెప్పి, వాళ్ళకి నాది ఒకటి ఇచ్చి, దాన్ని ఇంటికి తెచ్చి అటక మీద పెట్టాను. నా సామాను మీద దుమ్ము నేను ఓర్చుకోను. దీన్ని మాత్రం కావాలనే తుడవడం లేదు. నాలుగు నెలలైంది. అన్ని మీటల మీదా దుమ్ము మందంగా పేరుకుంది. పై వరుసలో ఆరోది మాత్రం, ఎప్పుడు చూసినా, నిగనిగలాడుతోంది.