పెదవులు కలవని బొమ్మ

ఫిల్మ్‌నగర్‌లో వాన పడితే గోడల మీది సినిమా పోస్టర్లు నాని, ఆ మైదా జిగురు వాసన బడి కంప్యూటర్ గదిదాకా వస్తుంది. తొమ్మిదో తరగతి బాబీకి ఆ వాసనంటే ఇష్టం. ఆ సాయంత్రం మాత్రం ముక్కు మూసుకున్నాడు.

బళ్ళోకి కొత్తగా ట్యాబ్‌లొచ్చాయి. ఇంట్లో లెక్క చేస్తూ, మనసులో అనుకునేదంతా ట్యాబ్‌కి పైకి చెప్పాలి. తర్వాత బళ్ళో ట్యాబ్‌ని ఖాళీ కుర్చీకేసి పెడితే, తెరమీద ఆ కుర్చీలో మన బొమ్మే కూర్చుని, మన మాటలే మనకి అప్పజెబుతుంది. ఎక్కడ తప్పటడుగు వేశామో మనమే పట్టుకోవాలని.

బాబీ పట్టుబడే రకమా! నాన్న రవిచంద్ర డబ్బింగ్ ఆర్టిస్టు మరి. పక్క బెంచీ మనోజ చేసిన లెక్క గుట్టుగా చూసి ఎక్కించేసుకుని, దుప్పటి ముసుగేసుకుని, తనకి రాని ఆలోచనకి తానే డబ్బింగ్ చెప్పేశాడు. "ఊఁ... ఆగు... ఇక్కడ తప్పానేమో..." నిట్టూర్పుతో సహా! లెక్కలు చెప్పే ఉదయశ్రీ టీచర్ అది విని మురిసిపోయారు. ఇద్దరి లెక్కా ఒకేలా ఉండేసరికి, తడబడుతూ చెప్పిన మనోజే కాపీ కొట్టిందని, లెక్కల పోటీ జట్టులోంచి ఆమె పేరు కొట్టేశారు.

"నీకెరుకే గదరా బాబీ... జర టీచర్‌కు చెప్పరాదూ," అంది మనోజ, తలుపు దగ్గర.

"నాకేం తెలుసే?" అని నవ్వేశాడు.

అందరూ గదిలోంచి వెళ్ళాక, ఆ డబ్బింగ్ చెరిపేద్దామని ట్యాబ్ తీశాడు. కరెంటు పోయింది. తెర వెలుగొక్కటే.

కుర్చీలో బొమ్మ బాబీ. "ఊఁ... ఆగు..."

గొంతు తనదే. పెదవులే మాటతో కలవట్లేదు.

డబ్బింగ్ థియేటర్లలో పెరిగినవాడు. పెదవులు చదవడం వాడికి అలవాటు. చదివాడు.

'ఇది... మనోజది.'

మళ్ళీ. 'ఇది మనోజది.'

చెరిపాడు. బొమ్మ పోలేదు. ట్యాబ్‌ని బల్లమీద బోర్లించాడు. ఎదుట, ఖాళీ కుర్చీ... కిర్రుమంది.

ఒకటే పరుగు. వరండాలో టీచర్ గొడుగు విప్పుతున్నారు. సిగ్గుతో వాడి చెవులు కాలిపోతున్నాయి. తలెత్తలేక, నేల చూస్తూనే చెప్పాడు... నేనే కాపీ కొట్టాను టీచర్, మనోజ తప్పు లేదు. ఒక్కో మాటకీ పెదవులు సరిగ్గానే కదిలాయి.

వినిపించింది మాత్రం...

"ఊఁ... ఆగు... ఇక్కడ తప్పానేమో..."

నిట్టూర్పుతో సహా.

"ఇంకా ఆ లెక్క గురించే ఆలోచిస్తున్నావా? నా బంగారు కొండ!" టీచర్ వాడి తల నిమిరారు. గేటు దగ్గర మనోజ ఒక్కసారి తిరిగి చూసి, వానలోకి వెళ్ళిపోయింది.

బాబీ మళ్ళీ నోరు తెరిచాడు. ఈసారి అదీ రాలేదు.

వెనక చీకటి గదిలో, బోర్లించిన ట్యాబ్ కిందినుంచి, సన్నగా, వాడి గొంతే ఏడుస్తోంది... "నేనే టీచర్... నేనే కాపీ కొట్టాను..."