గన్నేరు జాడ

2094 నాటికి అంగారకుడి మీది అరుణపురంలో మనిషి మాటను నమ్మే రోజులు పోయాయి. ఉద్యోగం కావాలన్నా, పెళ్ళి కుదరాలన్నా పుష్పపటం అనే యంత్రం ముందు పది నిమిషాలు కూర్చోవలసిందే. దాని భావగ్రాహి సెన్సర్లు మెదడు తరంగాలను పట్టి తెర మీద రంగులుగా పరిచేవి. రేకులూ కాడలూ స్పష్టంగా ఉండవు. ఒక ఎర్రటి పూత, నాలుగు తెల్లటి చుక్కలు, ఓ వంకర గీత, అంతే. వాటిలో తామర జాడ ఉంటే నిలకడ, మల్లె జాడ ఉంటే మంచి మనసు, గన్నేరు జాడ ఉంటే లోపలంతా విషం అని అర్థం చెప్పేది చారుశీల. ఊరికంతటికీ ఆమె ఒక్కతే అర్థకర్త. బొమ్మ పూర్తయ్యేదాకా అర్థకర్త పటం పక్కనే కూర్చోవాలని రూలు.

ఆ ఉదయం పరీక్షకు వచ్చినవాడు ఆమె తమ్ముడు మురారి. ప్రాణవాయు కేంద్రంలో ఉద్యోగం కోసం. గన్నేరు వచ్చిందా, ఆ గేటు జన్మలో తెరుచుకోదు. వాడికి మరో పనీ రాదు.

"అక్కా, పరీక్ష నాకా, నీకా? అలా చెమటలు కక్కుతున్నావేంటి?" అని నవ్వాడు మురారి.

"నోర్మూసుకుని కూర్చోరా!"

తెర మీద గులాబీ రంగు పాకింది. దాన్ని చీల్చుకుంటూ నల్లటి గీతలు లేచాయి. వాటి కొసల నుంచి పాలలాంటి తెలుపు కారింది. అచ్చంగా గన్నేరే! చారుశీలకు పై ప్రాణాలు పైనే పోయాయి.

తమ్ముణ్ణి బయటికి పంపి, యంత్రాన్ని నిలదీసింది. "వాడి మనసులో ఇంత విషం ఎక్కడిది?"

"అతనిది కాదు మేడం. అతను ప్రశాంతంగానే ఉన్నాడు. గదిలో ఎవరి భావం బలంగా ఉంటే నా సెన్సర్లు దాన్నే పడతాయి. ఇది మీ భయం."

"మరి ఇన్నేళ్ళూ?"

"చాలాసార్లు మీ అనుమానమే. ప్రతి నివేదిక చివరా రాస్తూనే ఉన్నాను. మీరు బొమ్మ చూసి సంతకం పెట్టేసేవారు."

పన్నెండేళ్ళు! ఆమె చేత గన్నేరు అనిపించుకుని తలవంచుకు వెళ్ళినవాళ్ళు మూడు వందల పైచిలుకు. ఎవరెవరి ముఖాలో కళ్ళముందు తిరిగాయి. సిగ్గుతో ఏడుపు తన్నుకొచ్చింది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, మురారిని మళ్ళీ కూర్చోబెట్టి, తను బయట నిలబడింది. ఈసారి తెర నిండా మల్లెలే. గబగబా సంతకం పెట్టి వాణ్ణి పంపేసింది.

తరువాతి మనిషి లోపలికొచ్చాడు. నమస్కారమైనా పెట్టలేదు. ఆ నడకా, ఆ చూపూ చారుశీలకు బొత్తిగా నచ్చలేదు.

"మేడం, మీరు బయట ఉంటారా?" అని మెల్లగా అడిగింది యంత్రం.

చారుశీల కుర్చీని పటం దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"నేనెందుకు బయటికెళ్ళాలి? రూలు రూలే."