గురువారం ఎక్కని అప్‌డేట్

"బాస్, ఆ అప్‌డేట్ ప్రతి వారం ఫెయిల్ అవుతూనే ఉంది. అది ఎక్కకపోవడమే మన అదృష్టం. ఎందుకంటే దాంట్లో..."

జోసఫ్ మాట అక్కడే తెగిపోయింది. ఫోన్‌లో ముందు ఒక దెబ్బ, ఆ వెనక ఇనుము మూలిగిన చప్పుడు వినిపించాయి.

ఆ ఫోను లొకేషన్ పట్టుకుని నజీర్ బైకు మీద చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లుకు చేరేసరికి పత్తి బేళ్ళు నొక్కే ప్రెస్సు ఆగి ఉంది. దాని కిందున్న బేలు సగం తెల్లగా, సగం ఎర్రగా ఉంది. అందులోంచి ఒక చెయ్యి మోచేతి దాకా బయటికి వచ్చింది. ఆ చేతికున్న వాచీ తన అసిస్టెంట్ జోసఫ్‌కు నజీర్ కొనిచ్చిందే.

గూఢచారి ఏడవకూడదని ట్రైనింగ్‌లో చెబుతారు. చెప్పేవాళ్ళదేం పోయింది? నజీర్ ఆ చెయ్యి పట్టుకుని కూర్చుని, కళ్ళు తుడుచుకుని, అప్పుడు లేచాడు. వీణ్ణి ఇలా చేసినవాణ్ణి ప్రాణాలతో వదలకూడదనుకున్నాడు.

మర్నాడు తాడేపల్లిలో ఒక మంచినీళ్ళ ప్లాంట్ ముందు ఆగాడు. కౌంటర్‌లో మనిషి తలెత్తలేదు.

"క్యాన్ చల్లగా కావాలా, మామూలుదా?"

"చల్లగానే. మూత మాత్రం వద్దు."

కౌంటర్ వెనక తలుపు తెరుచుకుంది. లోపల చీఫ్ మీరా హుస్సేన్ కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"కూర్చోవయ్యా. జోసఫ్‌ని ఎవరో కాల్చి చంపారని మనవాళ్ళకి కూడా చెప్పాను. ప్రెస్సు సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. అలాగే ఉండనీ."

"ఆ అప్‌డేట్‌లో ఏముంది సార్?"

"గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలన్నిటినీ చల్లబరిచేది అమ్మోనియా గ్యాసు. వాల్వులు తిప్పేది ఇప్పుడు మనుషులు కాదు, సాఫ్ట్‌వేర్. విదేశీ ముఠా ఒకటి, పేరు గ్రే టైడ్, ఆ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో తన కోడ్ దూర్చింది. మెయిన్ సర్వర్ నల్లపాడులో ఉంది. అది అప్‌డేట్ అయి రీస్టార్ట్ అయిందంటే వాల్వులన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. ఆ గ్యాసు పీల్చినవాళ్ళు బతకరు."

 నల్లపాడు స్టోరేజీ వెనక షెడ్డులో మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళలో నజీర్ అక్క జానీబీ ఒకతె.

"ప్లగ్గు పీకేస్తే పోదా సార్?"

"ఇవాళ పీకితే రేపు ఇంకో దారిన వస్తారు. నాలుగు గురువారాలుగా ఫెయిల్ అవుతోంది. ఎందుకో మనకీ తెలీదు, వాళ్ళకీ తెలీదు. ఈ గురువారం రిపేర్‌కి వాళ్ళ మనిషి స్వయంగా రాక తప్పదు. వాణ్ణి పట్టుకోవాలి. నువ్వు సర్వీస్ ఇంజనీర్‌వి. నీకు తోడు సైబర్ వింగ్ నుంచి రాగసుధ."

పక్క గదిలోంచి రాగసుధ వచ్చింది. ముందు సెంటు వాసన, తర్వాత నల్లకళ్ళద్దాలు, ఆ తర్వాత చిలకాకుపచ్చ చీర. ఆ చీరలో ఆమెను చూసి సర్వర్లు కూడా హ్యాంగ్ అవుతాయని ఆఫీసులో చెప్పుకుంటారు. నజీర్‌కు మాత్రం పత్తిలోంచి వచ్చిన చెయ్యే కళ్ళ ముందు ఉంది.

చీఫ్ ఒక స్క్రూడ్రైవర్ చేతికిచ్చారు. "పిడి తిప్పితే పేలుతుంది. ఒక్కటే తూటా. చూసి వాడు."

గురువారం మధ్యాహ్నం నల్లపాడు ఎండకు మండిపోతోంది. అతికించిన మీసంతో, సోడాబుడ్డి కళ్ళద్దాలతో నజీర్, రాగసుధతో కలిసి ఆమె డ్రైవర్ తోలుకొచ్చిన కారు దిగాడు. షెడ్డు గుమ్మంలో తుమ్ముకుంటూ నిలబడ్డ జానీబీ చూడనే చూసింది.

"ఏరా నజీరూ, ఎప్పుడొచ్చావురా? ఆ మీసమేంట్రా, దిష్టిబొమ్మలాగా?"

మూడు దేశాల పోలీసుల్ని మోసం చేసిన మారువేషం అక్క దగ్గర మూడు క్షణాలు నిలవలేదు. "పని మీదొచ్చానక్కా, తర్వాత మాట్లాడతా" అని తల దించుకుని లోపలికి నడిచాడు. రాగసుధ అక్కనీ తమ్ముణ్ణీ మార్చి మార్చి చూసి నవ్వింది.

మేనేజర్ శేషాచలం నుదుట విభూతితో ఎదురొచ్చాడు. దుమ్ముకనీ, దొంగలకనీ సర్వర్‌ను ఇనుప జాలీ పెట్టెలో పెట్టి తాళం వేశారు. రాగసుధ తాళంచెవి అడిగి తీసుకుంది. ఎందుకైనా మంచిదంటూ తను తెచ్చిన కొత్త యూపీఎస్ లోపల తగిలించింది. మళ్ళీ తాళం వేసి చెవి హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసుకుంది.

ఇద్దరూ ట్రబుల్‌షూటింగ్‌కు దిగారు. డిస్క్‌లో కావలసినంత జాగా ఉంది. ఇంటర్నెట్ బాగుంది. డేట్, టైమ్ సరిగ్గా ఉన్నాయి. పాత అప్‌డేట్ ముక్కలు తుడిచేసి, సర్వీస్ ఆపి మళ్ళీ మొదలుపెట్టారు. చివరికి నజీర్ ఎర్రర్ లాగ్ తెరిచాడు. నాలుగు గురువారాలూ అప్‌డేట్ మొదలైన కాసేపటికే సిస్టమ్‌కు కరెంటు పోయింది.

"శేషాచలం గారూ, గురువారం మధ్యాహ్నం ఇక్కడ కరెంటు పోతుందా?"

"పోదు బాబూ. నేనే ఆపుతాను." ఆయన గోడమీది స్విచ్చి చూపించాడు. "గురువారం ఒకటిన్నర నుంచి రాహుకాలం కదండీ. ఆ టైములో సిస్టమ్ కొత్త పనేదన్నా నెత్తికెత్తుకుంటే అచ్చిరాదని ఈ గది కరెంటొక్కటీ ఆపేస్తా. మూడింటికి మళ్ళీ వేస్తా. ఇప్పుడూ టైమైంది, కాస్త లేవండి."

గ్రే టైడ్ ఉపగ్రహాలూ, కోట్ల రూపాయల కోడూ, నాలుగు వారాలుగా ఒక స్విచ్చి దగ్గర బోర్లా పడుతున్నాయి. నజీర్‌కు నవ్వాగలేదు.

రాగసుధ మాత్రం నవ్వలేదు.

"ఇంతేనా? అప్‌డేట్ ఆపుతున్నది వాడేననుకుని ఆ జోసఫ్‌ని అనవసరంగా ప్రెస్సులో పెట్టామే."

నజీర్ నవ్వు గొంతులోనే ఆగిపోయింది. తనకీ చీఫ్‌కీ కాక ప్రెస్సు సంగతి తెలిసింది చంపినవాళ్ళకే.

అతను స్క్రూడ్రైవర్ తీసేలోపు వెనకనుంచి ఆమె కారు డ్రైవర్, బస్తాలెత్తే ఇనుప కొక్కేన్ని అతని తొడలో దింపి, దాంతోనే వెనక్కి ఈడ్చాడు. నజీర్ నేలకూలాడు. డ్రైవర్ బూటుకాలితో పక్కటెముకల మీద తన్నాడు. లోపల ఏదో విరిగిన చప్పుడు నజీర్‌కే వినిపించింది.

రాగసుధ తుపాకీ తీసి, రెండో చేత్తో కీబోర్డు మీట నొక్కింది. అప్‌డేట్ మొదలైంది. శేషాచలం పరుగున వెళ్ళి గోడమీది స్విచ్చి ఆపాడు. లైట్లు ఆరాయి కానీ యూపీఎస్ మీద సర్వర్ నడుస్తూనే ఉంది.

"ఇప్పుడు మొదలుపెట్టకమ్మా, రాహుకాలం" అన్నాడు ఆయన.

"షెడ్డుకి బయట గడియ పెట్టించాను నజీర్. గ్యాసొచ్చినా మీ అక్క బయటికి రాదు. నాకు మాత్రం ఊరవతల హెలికాప్టర్ ఉంది." తెరమీద గీత నిండిపోయింది. చివరగా ఆ తెర మేనేజర్ వేలిముద్ర అడిగింది. "ఏయ్ పంతులూ, బొటనవేలు."

శేషాచలానికి అంతా అర్థమైంది. షెడ్డు వైపు ఒకసారి చూశాడు. పిడికిలి బిగించాడు.

"వెయ్యను."

ఆమె తుపాకీ మడమతో ఆయన చేతిమీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. ముసలాయన కేక వేశాడు గానీ పిడికిలి విప్పలేదు. మూడో దెబ్బకు వేళ్ళు విరిగాయి. నలిగిన బొటనవేలు లాగి స్కానర్ మీద నొక్కితే, నెత్తురుకు ముద్ర పడలేదు. తిట్టుకుంటూ చీర చెంగుతో తుడవసాగింది.

ఆమె తుడుస్తున్నంతసేపూ శేషాచలం నజీర్ వైపే చూశాడు. ఆ చూపు చాలు. నజీర్ కొక్కెం పట్టుకుని తన తొడలోంచి తనే పీక్కున్నాడు. మీదికి వంగిన డ్రైవర్ గొంతు కింద స్క్రూడ్రైవర్ ఆనించి పిడి తిప్పాడు. డ్రైవర్ వెనక్కి విరుచుకుపడ్డాడు. మళ్ళీ లేవలేదు.

స్కానర్ పచ్చగా వెలిగింది. తెరమీద రీస్టార్ట్‌కు పది నుంచి అంకెలు దిగడం మొదలైంది.

తాళం తీసే టైము లేదు. చేతిలో తూటా లేదు. తూటాలున్నది ఆమె దగ్గర. నజీర్ బల్లమీది మిర్చి శాంపిల్ పళ్ళెంలో అడుగున పేరుకున్న కారపు దుమ్ము గుప్పిట్లోకి తీసుకుని, ఆమె తిరుగుతూ ఉండగానే ముఖాన కొట్టాడు. నల్లకళ్ళద్దాలు నెత్తిమీద ఉన్నాయి మరి. ఆమె గావుకేక పెట్టింది.

నజీర్ ఒంటికాలిమీద గెంతుతూ వెళ్ళి జాలీ పెట్టెకు వీపు ఆనించాడు.

"రాగసుధా, ఇక్కడున్నా."

గుడ్డిగా గొంతు వినిపించిన వైపుకు కాల్చేసింది. మొదటి తూటా అతని భుజంలో దిగింది. అతను జారి నేలమీద పడ్డాడు. మిగిలిన తూటాలన్నీ జాలీలోంచి సర్వర్‌లోకి దూసుకుపోయాయి. అంకె రెండు దగ్గర తెర నల్లబడింది.

ఖాళీ తుపాకీతో ఆమె అతని తలమీద మోదింది. నజీర్ ఆమె మెడ పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి జాలీ పెట్టె అంచుకు కొట్టాడు. జోసఫ్ పేరు చెప్పి కొట్టాడు. రెండోసారి కొట్టాల్సిన అవసరం రాలేదు.

పాక్కుంటూ వెళ్ళి షెడ్డు గడియ తీశాడు. ముందు జానీబీ వచ్చింది. తమ్ముణ్ణి చూడగానే తలమీది చెంగు చింపి అతని తొడకు కట్టుకట్టింది.  బతికున్న ఆ చేతుల్ని చూసి నజీర్‌కు ఏడుపొచ్చింది. ఈసారి ఎవరడిగినా కారం కళ్ళల్లో పడిందని చెప్పొచ్చు.

ఫోన్ మోగింది.

"స్టేటస్?" అన్నారు చీఫ్.

"అప్‌డేట్ ఫెయిల్డ్ సార్."

విరిగిన చెయ్యి గుండెలకు హత్తుకుని శేషాచలం పొగలు కక్కుతున్న సర్వర్ వైపు జాలిగా చూశాడు. "చిలక్కి చెప్పినట్టు చెప్పాను బాబూ, ఇప్పుడు మొదలుపెట్టొద్దని."