చివరి గది బెల్లు

ఆ వృద్ధాశ్రమంలో చివరి గదికి చెడ్డపేరు. అందులో ఉండే పెద్దాయన పోయి ఏడాది దాటింది. గదికి తాళం వేశారు. అయినా చీకటి పడితే చాలు... ఆయాలు కూర్చునే చోట, ఏ గదిలో బటన్ నొక్కారో చూపించే బోర్డు మీద ఆ గది దీపం వెలిగేది. గంట మోగేది.

ముసలివాళ్ళ సంగతి ఎలా ఉన్నా, దెయ్యం విషయంలో అక్కడివాళ్ళు మహా శ్రద్ధగా ఉండేవారు. గంటకు గుడ్డ చుట్టారు. టీవీ సౌండు పెంచుకున్నారు. రాత్రిళ్ళు ఎవరూ అటు వెళ్ళకూడదని మేనేజరుగారు స్వయంగా ఆర్డరు వేశారు. మంచాల మీద దుప్పట్లు మార్చమని మాత్రం ఆయన అంత గట్టిగా ఎప్పుడూ చెప్పినట్టు లేదు.

ఇదంతా మా మేనమామ చెప్పగా విన్నదే. ఇలాంటి ఆశ్రమాల మీద వచ్చే ఫిర్యాదులు విచారించడం ఆయన ఉద్యోగం. చివరి గదికి పక్కగదిలో ఉన్న ఒక పెద్దావిడ గురించి ఆవిడ చెల్లెలు వచ్చి మొరపెట్టుకుంది.

"మా అక్క తనంతట తను లేవలేదండీ. రాత్రంతా బెల్లు కొట్టినా ఎవరూ రావడం లేదట. ఈమధ్య మాట్లాడటమే మానేసింది. నాకు భయంగా ఉంది."

అంతకుముందు విచారణకు వెళ్ళిన అధికారులు ముందే ఫోన్ చేసి, పగటిపూట వెళ్ళి, కాఫీ తాగి, పూలకుండీలు చాలా బాగున్నాయని చెప్పి వచ్చారు. మామయ్య మాత్రం చెప్పాపెట్టకుండా, రాత్రి భోజనాలయ్యాక వెళ్ళి దిగాడు.

"ఆ పెద్దావిడ గది బెల్లు ఒక్కసారి కూడా మోగలేదు సార్," అంది డ్యూటీలో ఉన్న ఆయా. "మోగితే వెళ్ళమా?"

అంతలో—

గుడ్డ చుట్టిన గంట గొంతు పూడుకుపోయినట్టు మోగింది. చివరి గది దీపం వెలిగింది.

"పెద్దాయన సార్..." ఆయా గొంతు తగ్గించింది. "పట్టించుకోకండి. కాసేపటికి ఆయనే ఊరుకుంటారు."

మామయ్య పెద్ద ధైర్యవంతుడేమీ కాదు. బల్లి కనిపిస్తే అత్తయ్యను కేకేసే మనిషి. కానీ ఆయా ముందు పరువు పోతుందని తాళంచెవి అడిగి పుచ్చుకున్నాడు. ఆయా మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

తలుపు తీశాడు... ఖాళీ మంచం. దుమ్ము. టార్చి గోడలన్నిటి మీదా తిప్పాడు. అవతల గంట మోగుతూనే ఉంది. ఈ గదిలో మాత్రం... నొక్కడానికి అసలు బటనే లేదు.

అప్పుడు తలుపు వైపు రెండడుగులు వెనక్కి వేశానని మామయ్యే ఒప్పుకున్నాడు.

పక్కన, గోడలోంచి... ఎవరో నిట్టూర్చారు.

చెయ్యి వేసి తట్టాడు. అది గోడ కాదు, చెక్క. పెద్దాయన పోయాక ఇంత గది దండగని పాత గోడ తీసేయించి, సగం గదిని పక్కగదిలో కలిపి, మధ్యలో చెక్క అడ్డం కట్టించారు. అలా పెద్దాయన బటన్ పక్కగదిలోకి పోయింది. కొత్తగా కలిసిన చోటే పెద్దావిడకు మంచం వేశారు. చేతికందేది ఆ బటనొక్కటే. బోర్డు మీద మాత్రం అది ఇంకా చివరి గదే. పాపం, దెయ్యాన్ని నమ్మడమంటే ఖర్చులేని పని. వైర్లు మార్చాలంటే ఎలక్ట్రీషియన్ని పిలవాలి కదా.

మామయ్య పక్కగదిలోకి పరుగెత్తాడు.

పెద్దావిడ మేలుకునే ఉంది. వేలు బటన్ మీదే ఉంది. ఆయన వంక చూసింది.

"నేను నీకు కనిపిస్తున్నానా నాయనా?"

"కనిపిస్తున్నారమ్మా."

"రోజూ నొక్కుతాను... ఎవరూ రారు. తెల్లారి అడిగితే, నీ బెల్లు మోగనే లేదంటారు. ఎప్పుడో పోయి ఉంటాననుకున్నాను. అలవాటు పోక నొక్కుతున్నాను."

మామయ్యకు ఏడుపొచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ ఆ చేతిని గట్టిగా నొక్కి చూసుకుంది.

"అయితే పోలేదన్నమాట," అంది. తర్వాత ఆవిడ మొహం చిట్లించుకుంది. "ముందు ఈ తడిదుప్పటి తీయించు. చచ్చాను కదా అని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను."