మూల గుంజ

గడ్డపార పట్టుకుని పెరట్లో గుంత తవ్వుతున్న శిరీషకు, రోడ్డు అవతల నుంచి ఎవడో తనను చూస్తున్నాడని అర్థమైంది. మామూలుగా చూస్తే పట్టించుకునేది కాదు. మామిడిపల్లిలో ఇంజనీరింగ్ చదివిన పిల్ల గుంత తవ్వుతుంటే చూడని వాళ్లెవరు? కానీ ఇతను మూడు కాళ్ల మీద ఒక పసుపు మిషన్ నిలబెట్టి, దానికి కన్ను ఆనించి, రెండో కన్ను మూసుకుని మరీ చూస్తున్నాడు.

శిరీష గడ్డపారతో సహా రోడ్డు దాటింది.

"ఏంది సంగతి?"

అతను తలెత్తాడు. మెడలో ఐడీ కార్డు, ముక్కు మీద చెమట. మిషన్ రబ్బరు ఒత్తుకుని కంటి చుట్టూ గుండ్రంగా అచ్చు పడింది. అలా ఒంటి కన్నుకు సున్నా చుట్టుకున్న మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం కష్టం. శిరీష ప్రయత్నం మాత్రం చేసింది.

"మేడం, నేను మిమ్మల్ని చూస్తలేను. మీ గుంజను చూస్తున్న."

"గుంజను గంత సేపా?"

"ఎత్తు కొలుస్తున్న. ఎయిర్‌పోర్ట్ చుట్టు ఎత్తుగ ఉన్నవన్నీ రికార్డుల ఎక్కియ్యాలె. సెల్ టవర్లు, నీళ్ల ట్యాంకులు, తాటిచెట్లు."

"మా గుంజ విమానానికి తగుల్తదా?"

అతను నిజంగానే ఆలోచించాడు. "తగలదు. కానీ నిన్న లేకుండె, ఇయ్యాల ఉంది. ఎక్కియ్యకుంటే మా సార్ ఊకోడు."

పేరు రాఘవేందర్ అని కార్డు మీద ఉంది. ఊరు షాద్‌నగర్ అని, సర్వే కంపెనీలో పని అని అడక్కుండానే చెప్పాడు. చెబుతూ గుంజ వైపు చూశాడు. దానికి పసుపు బట్ట కట్టి ఉంది, పైన మామిడాకుల గుత్తి. అతని ముఖం కాస్త వాడింది.

"పెళ్లి పందిరా? కంగ్రాట్స్ అండి."

కాదు అని చెప్పడానికి శిరీష నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే ఎదురింటి రుక్కమ్మ, ఆమె తోటికోడలు ఇద్దరూ ఒక నీలగిరి గుంజను చెరో కొసా పట్టుకుని సందులోంచి వచ్చారు. "పందిరికి మా ఇంటి గుంజ, బిడ్డా. యాడ దించమంటవ్?" అంది రుక్కమ్మ.

శిరీష తెరిచిన నోరు మూసుకుంది. కథంతా ఆ మూసుకోవడంలోనే మొదలైంది.

అసలు సంగతి షెడ్డు. పెరట్లో గుంజలు పాతి, పైన రేకులు కప్పి, శిరీష తన సొంత వర్క్‌షాప్ కట్టుకుంటోంది. గగన్‌పహాడ్‌లో ఈశ్వరయ్య అనే పెద్దాయన దగ్గర ఇనుము, ఇత్తడి తిప్పి చెక్కే ఒక పాత లేత్ మిషన్ ఉంది. డిప్లొమా రోజుల్లో శిరీష దాని మీదే పని నేర్చుకుంది. మొట్టమొదట తిప్పింది ఒక ఇత్తడి బొంగరం. ఇప్పటికీ దగ్గరే ఉంది, ఇప్పటికీ కొంచెం తూలుతుంది. తర్వాత బీటెక్ చేసి, విమానాల దగ్గర సామాన్లు లాగే బండ్లు రిపేర్ చేసే కంపెనీలో చేరింది. అక్కడ మాత్రం ఆమె చేతికి పానా కంటే కంప్యూటర్ మౌస్ ఎక్కువసార్లు దొరికేది. ఈ ఎండాకాలం ఈశ్వరయ్య దుకాణం మూసేస్తూ, వానలు పడేలోపు తీసుకుపోతే లేత్ నీదే అన్నాడు. తీసుకుపోకపోతే ఆ జాగా ఖాళీ చేయాలి కాబట్టి తుక్కు వాళ్లకు ఇచ్చేస్తాడు. లేత్ తడిస్తే తుప్పు పడుతుంది. అందుకని ముందు రేకులు, తర్వాత లేత్.

చిక్కంతా మనుషులతోనే వచ్చింది. ఎయిర్‌పోర్ట్ వచ్చి మూడేళ్లయినా ఆ చుట్టుపక్కల కట్టుబడి పనులు ఆగలేదు, గుంత తవ్వే మనిషి దొరకలేదు. వాళ్ల బాపు దశరథం పొద్దున కారు తీసుకుని ఎయిర్‌పోర్ట్ కిరాయిలకు పోతే పొద్దుగూకాకే రాక. మొదటి గుంజను శిరీష, నానమ్మ లచ్చమ్మ కలిసి లేపారు. ఆ గుంజకు పసుపు బట్ట, మామిడాకులు కట్టకుండా భూమిలో దించడానికి లచ్చమ్మ ఒప్పుకోలేదు. షెడ్డు గుంజకు ఎందుకే అంటే, ఏ గుంజ ఎందుకు పాతినమో భూమికి ఏం ఎరుక అంది.

భూమికి ఏమో కానీ వాడకు తెలిసిపోయింది, తప్పుగా. వాళ్ల వాడలో పెళ్లి పందిరికి ఇంటికో గుంజ తెచ్చి, తామే పాతి పోవడం పద్ధతి. రుక్కమ్మ వెనక శివమ్మ వాళ్లు వచ్చారు. వాళ్ల వెనక జంగయ్య తమ్ముళ్లతో వచ్చి, గుంజల అడుగున చెదలు పట్టకుండా డాంబరు పూసి మరీ దించాడు. పెళ్లెవరితో అని ఎవరూ అడగలేదు. శిరీష చెప్పలేదు. అబద్ధం ఆడలేదు కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది. మనసు ఇంజనీరింగ్ చదవలేదు కాబట్టి ఒప్పుకోలేదు.

రాఘవేందర్ మాత్రం మళ్లీ వచ్చాడు. మళ్లీ మళ్లీ వచ్చాడు. సర్వే ముగించుకుని ఆరాంఘర్ వైపు ఆఫీసుకు పోతూ బండి ఆపి, గుంజలు నిట్టనిలువుగా ఉన్నాయో లేదో తన మిషన్లోంచి చూసేవాడు. శిరీష అదే పని దారానికి కట్టిన తూకం గుండుతో చేసేది. ఇద్దరి లెక్కా కలిస్తే ఇద్దరికీ నిరాశే, పోట్లాడుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

మనిషికి అన్నీ కావాలి. వాకిలి ఇంత వెడల్పెందుకు అని అడిగేవాడు. బారాత్ గుర్రంతో సహా లోపలికి రానీకె అనేది శిరీష. లేత్ బిగించడానికి బోల్టులు దించిన సిమెంట్ దిమ్మను చూపించి ఇదెందుకంటే, పెళ్లి పీట అనేది. పక్కన రుక్కమ్మో శివమ్మో ఉండేవాళ్లు కాబట్టి నిజం చెప్పడానికి లేదు. పైగా అతను ప్రతి జవాబుకూ ఒక క్షణం ఆగి, నవ్వాలో వద్దో తేల్చుకోలేక మెడ వెనక గోక్కోవడం చూడటానికి బాగుండేది. ఎందుకు బాగుండేదో శిరీష కొలిచి చూడలేదు.

ఒకరోజు ఆమె దిమ్మ సమంగా ఉందో లేదో చూడటానికి ఇత్తడి బొంగరం తిప్పింది. అది కాసేపు నిలబడి, తూలి, దొర్లుతూ పోయి గుంజ పెట్టని మూల గుంతలో పడింది. రాఘవేందర్ వంగి తీశాడు.

"గిదొక్కటే ఎందుకు ఖాళీగ ఉంది?"

జవాబు లచ్చమ్మ చెప్పింది, చేటలో బియ్యం ఏరుకుంటూ. మూల గుంజ పిల్లగాని తరపు వాళ్లది. వాళ్లు తేవాలి, వాళ్లే దించాలి. అప్పటిదాకా ఎవరూ ముట్టొద్దు.

రాఘవేందర్ బొంగరాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "ఆయన ఏం చేస్తడు?"

రుక్కమ్మ చెవి ఇటు తిరగడం శిరీషకు కనబడింది. "గగన్‌పహాడ్‌ల ఉంటడు," అంది, నోటికొచ్చినట్టు.

అతను బొంగరం ఆమె చేతిలో పెట్టాడు. తుడిచి పెట్టాడు. మంచిది అన్నాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. రోడ్డు అవతల మిషన్ కాళ్లు గుచ్చిన చిల్లుల్లో చీమలు చేరాయి. శిరీష రోజూ చీమలను చూసి వచ్చింది.

గుంజలన్నీ లేచాయి, సగం పైన రేకులు ఎక్కాయి. మిగతా సగం మూల గుంజ లేనిదే ఎక్కదు. అప్పుడు పడమర నుంచి మబ్బులొచ్చాయి, వాటితో పాటు ఈశ్వరయ్య ఫోనూ వచ్చింది. ఎల్లుండి పొద్దున తాళం ఇచ్చేయాలి, ఆపైన తన చేతిలో లేదన్నాడు.

శిరీష పక్కన దాచిన సొంత గుంజను దొర్లించుకుంటూ మూలకు తెచ్చింది. లచ్చమ్మ వచ్చి గుంతలో రెండు కాళ్లూ పెట్టి కూర్చుంది.

"నానమ్మా, జర లే. మిర్గం కార్తె వచ్చింది. రేపు వాన పడితే లేత్ తుక్కుల పోతది."

"పోనీ."

"నీకు ఎరుకే కదనే, ఇది పెళ్లి కాదని."

"నాకు ఎరుకే. వాళ్లకు చెప్పినవా? పెళ్లి పేరు మీద ఊరి గుంజలు తీసుకున్నవ్. ఇగ పెళ్లి పద్ధతే నడుస్తది. లేకుంటే పోయి నిజం చెప్పు, చెప్పొచ్చి నీ గుంజ నువ్వు పాతుకో. నేను లేస్త."

శిరీష చెప్పులు వేసుకుని బయల్దేరింది. ముందు రుక్కమ్మ గడప ముందు నిలబడి, పెళ్లి లేదని, పిల్లగాడు లేడని, గగన్‌పహాడ్‌లో ఉన్నది ఒక ఇనుప మిషన్ అని, కావాలంటే గుంజ తీసుకుపొమ్మని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

రుక్కమ్మ చింతచిగురు దూయడం ఆపలేదు. "పెళ్లి పందిరికి రేకులు ఎవలేస్తరు బిడ్డా? ఎన్నడో ఎరుక మాకు."

"మరి గుంజ ఎందుకు తెచ్చిన్రు?"

"నువ్వు అడుగుతలేవు. చదువుకున్నదానివి, అడగనీకె సిగ్గు. మీ నానమ్మ పసుపు బట్ట కట్టింది, మాకు తేనీకె ఒక సాకు దొరికింది." చిగురు జల్లెడలోకి ఎత్తుతూ ఒక మాట కలిపింది. "నమ్మిందల్లా ఆ మూడు కాళ్ల మిషన్ పిల్లగాడే. పాపం, మొన్న మీ ఇంటికెళ్లి వస్తుంటె మా బర్రెకు కూడ తొవ్వ ఇడువలే, ఏం సోయిల ఉండెనో."

శివమ్మ ఇంట్లో, జంగయ్య ఇంట్లో కూడా ఇదే. ఊరందరినీ మోసం చేశానని వారాల తరబడి కుమిలిపోయిన శిరీష, తిరిగొచ్చేసరికి తాను మోసం చేసింది ఒక్కణ్ణేనని తేలింది. ఆ ఒక్కడు మిగతా అందరికంటే బరువుగా తోచాడు.

లచ్చమ్మ మాట ప్రకారం గుంతలోంచి లేచింది. "ఇగ పాతుకో."

గుంజ పక్కనే ఉంది, గడ్డపారా ఉంది. మబ్బు నల్లబడుతోంది. శిరీష గుంతలోకి చూసింది, తర్వాత రోడ్డు అవతలకు చూసింది, తర్వాత ఫోన్ తీసింది. నంబరు ఉంది. గుంజల వరస సరిచేసినప్పుడు అతనే మిస్డ్ కాల్ ఇచ్చాడు, వంకర కనబడితే చెప్పమని.

"హలో, వంకర కనబడ్డది," అంది.

"ఏ గుంజ?"

"గుంజ కాదు, నేను చెప్పిన ముచ్చట. గగన్‌పహాడ్‌ల ఉన్నది లేత్ మిషన్. ఇది వర్క్‌షాప్. పెళ్లి లేదు, ఏం లేదు." పైనుంచి ఒక విమానం దిగుతూ పోయింది. అది పోయేదాకా ఇద్దరూ ఆగారు. ఆ చుట్టుపక్కల అందరికీ అలవాటైన పని అది. "మూల ఇంక ఖాళీగనే ఉంది. నా గుంజ పక్కనే ఉన్నది. కానీ రేపు పొద్దున దాక పాతను. ఆ తర్వాత పాతేస్త."

"వాన పడితే?"

"పడనీ."

పెట్టేసింది. పెట్టేశాక తాను లేత్‌ను పణంగా పెట్టానని గుర్తొచ్చి, పెరట్లో అటూ ఇటూ తిరిగింది. విషయం విన్న దశరథం బిడ్డ ముఖం చూసి, మర్నాడు కిరాయికి పోనని మాత్రం అన్నాడు.

పొద్దున చినుకు మొదలు కాకముందే సందులో ట్రాలీ ఆటో ఆగింది. వెనక ఒక నీలగిరి గుంజ, కొసకు ఎర్ర గుడ్డ కట్టి. ముందు సీట్లో డ్రైవర్ పక్కన ఒదిగి రాఘవేందర్, ఇస్త్రీ చొక్కాలో. దిగి, గుంజను భుజానికెత్తుకోబోయి, ఎత్తలేక, ఒక కొస ఈడ్చుకుంటూ పెరట్లోకి వచ్చాడు. రుక్కమ్మ, శివమ్మ, జంగయ్య అప్పటికే గోడ దగ్గరున్నారు. ఎవరు పిలిచారో తెలియదు.

లచ్చమ్మ గుంతకు అడ్డం నిలబడింది. "ఎవలి తరపు?"

"పిల్లగాని తరపు, అవ్వా."

"పిల్లగాడేడి?"

రాఘవేందర్ మెడ వెనక గోక్కున్నాడు. "నేనే. ఒక్కన్నే వచ్చిన. మా అమ్మకు రాత్రే చెప్పిన, ఆదివారం వస్తనన్నది. ముందు గుంజ నిలవడతదో లేదో చూసుకో పో అన్నది."

లచ్చమ్మ పక్కకు జరిగింది. దశరథం దగ్గాడు. అందరూ శిరీష వైపు చూశారు.

"గుంత నాది," అంది శిరీష. "నేను తవ్విన. నేను ఒప్పుకోవాలె."

"అడుగుదామనే వచ్చిన."

"దిమ్మల బోల్టులు చూసి కూడ పెళ్లి పీట అనుకున్నవా?"

"అనుకోలే. కానీ నువ్వు చెప్పినవ్ గద." మొదటిసారి మీరు పోయి నువ్వు వచ్చింది. అతనికి ఆ సంగతి తెలియలేదు. "నువ్వేం చెప్తే అది ఎక్కిచ్చుకున్న."

శిరీష గుంజ దించమని సైగ చేసింది. అతను, జంగయ్య పట్టి నిలబెట్టారు. ఆమె తూకం గుండు తీసి, దారం వేలాడేసి, ఒక కన్ను మూసి చూసింది. గుండు ఊగుతోంది. అది ఆగేదాకా అతను గుంజను కావలించుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. శిరీష కావాలనే కొంచెం ఎక్కువ సేపు చూసింది.

"వంకరున్నది. జర ఇటు."

జరిగాడు.

"ఇంకొంచెం ఇటు."

గుంజ కాదు, అతనే దగ్గరికి జరిగాడు.

"చాలు," అంది. "ఇగ మట్టి పొయ్యి."

మొదటి పార మట్టి లచ్చమ్మ పోసింది. మిగతాది అందరూ పోశారు. తొక్కి, రాళ్లు దట్టించి, రేకులు ఎక్కించి, హుక్కు బోల్టులు బిగిస్తుండగానే వాన అందుకుంది. ట్రాలీ ఆటో గగన్‌పహాడ్ పోయి, టార్పాలిన్ కప్పుకున్న లేత్‌తో తిరిగొచ్చేసరికి పెరడంతా బురద, షెడ్డు లోపల మాత్రం పొడి. లచ్చమ్మ లేత్‌కు పసుపు రాసింది. వద్దు నానమ్మా, తుప్పు పడతది అని మనవరాలు మొత్తుకుంటూ గుడ్డతో తుడిచింది.

రేకుల మీద వాన ఒకటే మోత. రాఘవేందర్ వాకిలి దగ్గర నిలబడి పైకి చూస్తున్నాడు.

"ఏంది చూస్తున్నవ్?"

"నా గుంజ మీ గుంజల కంటే జానెడు ఎత్తున్నది, కొస రేకు పక్క నుంచి పైకి వచ్చింది. రేపు మళ్ల వచ్చి కొలవాలె. ఎక్కియ్యకుంటే మా సార్ ఊకోడు."

"కోస్తే పోతది కద."

"పోతది," అన్నాడు రాఘవేందర్.

శిరీష రంపం వెతికింది. అది లేత్ కిందే ఉంది. కనబడలేదని చెప్పింది.